నూట అరవై నాలుగో పేజీ

ఆ శుక్రవారం పొద్దున మలర్‌కొడి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు వెబ్‌సైటు తెరవడం, తొమ్మిదీ నలభైకి కేసరి తినడం, పదింటికి ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం మీద నాచిముత్తు సార్ సంతకం తీసుకోవడం. ఆ వెంటనే పల్లడంలో ఉన్న నాన్నకు ఫోను చేసి, "నేను రావడం లేదు నాన్నా" అని చెప్పడం.

అసలు సంగతంతా ఆ ఫోనులోనే ఉంది. పల్లడంలో నాన్నకు ఆరువేల కోళ్లున్నాయి. ఆరునెలల ప్రొబేషన్ ముగిసే రోజుకు ఉద్యోగం ఖాయం కాకపోతే ఇంటికొచ్చి కోళ్లఫారం చూసుకోవాలన్నది తండ్రీకూతుళ్ల ఒప్పందం. ఆ రోజు ఇవాళే. మలర్‌కు చిన్నప్పటి నుంచి కోళ్లంటే భయం. షెడ్డు తలుపు తీయగానే ఆరువేల తలలు ఒక్కసారిగా తనవైపు తిరగడం ఆమెకు ఇప్పటికీ కలలో వస్తుంది. ఆ కల వచ్చినప్పుడల్లా లేచి కూర్చుని మంచినీళ్లు తాగుతుంది.

నొయ్యల్ కంట్రోల్స్ కోయంబత్తూరు పీలమేడులో ఓ మేడ మీద ఉంది. కింద లేతు మెషీన్ల షాపు, పైన సాఫ్ట్‌వేరు. రెండింటికీ యజమాని నాచిముత్తే. అరవై దాటిన మనిషి. నుదుట విభూతి, జేబులో స్క్రూడ్రైవరు. బోరుబావి మోటారును ఎక్కడి నుంచైనా ఫోనుతో వేసి ఆపగలిగే ఒక పెట్టెను తయారుచేసి, దానికి 'నీర్‌తోళన్' అని పేరు పెట్టాడు. నీటి నేస్తమన్నమాట. ఆ నేస్తాన్ని ఎలా బిగించాలి, ఎలా వాడాలి అన్నది చెప్పే వెబ్‌సైటును తయారుచేయడమే ఆరునెలలుగా మలర్ పని.

పని కష్టమేమీ కాదు. ఒక్కో పేజీని మామూలు అక్షరాల్లో ఒక్కో ఫైలుగా రాసిపెట్టాలి. ఎక్కడో దూరదేశంలో అద్దెకు తీసుకున్న ఓ సర్వరులో ఓ ప్రోగ్రాము కూర్చుని ఉంటుంది. అది ఫైళ్లన్నింటినీ తీసుకుని, రంగులద్ది, మెనూలు కుట్టి, వెబ్‌సైటుగా చేసి లోకం ముందు వేలాడదీస్తుంది. మనం ఏదైనా పంపినప్పుడల్లా కుడుతుంది. పంపకపోయినా గంటకోసారి తనంతట తాను మళ్లీ కుడుతుంది. ఒకే ఒక్క నియమం: మలర్ ఏది పంపినా, ఏది తీసేసినా, ప్రోగ్రామరు శరవణవేల్ చూసి ఆమోదించాలి.

నాచిముత్తు పెట్టిన నియమం మరొకటి ఉంది. అది గోడమీది క్యాలెండరుది. రోజుకో కాగితం చింపే ఆ క్యాలెండరులో మంచి ఘడియ చూడనిదే ఆయన కొత్త ప్రోగ్రామును బయటికి వదలడు. ఒకసారి అష్టమి, నవమి వరసగా వచ్చాయని మూడు రోజులు నలుగురు ఇంజనీర్లను ఊరికే కూర్చోబెట్టాడు.

గురువారం సాయంత్రం ఆయన మలర్ బల్ల దగ్గరికొచ్చాడు.

"పాపా, పేజీలన్నిటికీ పైన తేదీ ఉంటుందటగా? ఏం తేదీ వేశావ్?"

"ఏ రోజు రాసింది ఆ రోజే వేశాను సార్."

"అయ్యో! అందులో సగం అష్టమినాడు పుట్టుంటాయి! అన్నీ మార్చెయ్. రేపు శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నరకి పుట్టినట్టు రాయి. తొమ్మిదింబావు నుంచి పదింబావు దాకా మంచి ఘడియ. పదిన్నరకి రాహుకాలం. అంతా లెక్క చూశా."

నూట అరవై మూడు పేజీలను ఒక్కొక్కటే తెరిచి మార్చే ఓపిక ఎవరికుంటుంది? మలర్ కంప్యూటరుకు రెండే ఆజ్ఞలిచ్చింది. ఈ ఫోల్డరులో తేదీ అన్న మాట ఎక్కడున్నా దాని పక్కన శుక్రవారం తొమ్మిదిన్నర రాయి. ఇంకా బయటికి వదలొద్దని చెప్పే డ్రాఫ్ట్ అన్న గుర్తు ఎక్కడున్నా చెరిపెయ్. అర నిమిషంలో పనైపోయింది. ఆమె హాయిగా హాస్టలుకు వెళ్లి నిద్రపోయింది. ఆ రాత్రి కోళ్లు కూడా కలలోకి రాలేదు.

శుక్రవారం తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి నాచిముత్తు లాప్‌టాప్‌కు హారతిచ్చాడు. తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి మెట్ల మీద కొబ్బరికాయ కొట్టాడు. సరిగ్గా తొమ్మిదిన్నరకు "మురుగా!" అంటూ మీట నొక్కాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. శరవణవేల్ కేసరి తేవడానికి కిందికి వెళ్లాడు.

"పెద్ద టీవీలో పెట్టండి. అందరం చూద్దాం," అన్నాడు నాచిముత్తు చేతులు తుడుచుకుంటూ.

మలర్ ఆత్రం ఆపుకోలేక బల్ల కింద ఫోనులో సైటు తెరిచింది. కంపెనీ పేరు వచ్చింది. బొమ్మ వచ్చింది. దాని కింద నూట అరవై మూడు పేజీల పట్టిక ఉండాల్సిన చోట ఒకే ఒక్క పేజీ ఉంది.

'మలర్ సొంత గోడు - ఎవరూ చూడొద్దు.'

ఆమె ఫోనును గబుక్కున ఒళ్లో బోర్లించింది.

అది నూట అరవై నాలుగో పేజీ. ఆరునెలలుగా బోరుబావుల మెకానిక్కులతో ఫోనులో మాట్లాడి తెలుసుకున్న నిజాలన్నీ ఆమె నంబర్లు వేసి దాచుకున్న పేజీ. ఎక్కడో పెడితే పోతుందని అదే ఫోల్డరులో ఉంచి, ప్రోగ్రాము ముట్టుకోకుండా పైన డ్రాఫ్ట్ అని గుర్తు పెట్టింది. నిన్న సాయంత్రం ఆ గుర్తును తన చేత్తోనే చెరిపించింది. సొంత గోడుకు తేదీ ఎందుకని తేదీ మాత్రం వేయనే లేదు.

అందులో నలభై ఒక్క అంశాలున్నాయి. తొమ్మిదోది: 'ఎర్ర లైటు వెలిగిందని కంగారు పడొద్దు. పచ్చ లైటు వెలిగిందని నమ్మొద్దు. మోటారు చప్పుడు వినండి.' పన్నెండోది: 'శరవణవేల్ అన్న రాసిన ప్రోగ్రాము శరవణవేల్ అన్నకే అర్థం కాదు. ఏదైనా అడిగితే టీకి వెళతారు.' ఇవన్నీ ఒక ఎత్తు. పదిహేడోది ఒక ఎత్తు. పదిహేడోది నాచిముత్తు సార్ గురించి.

మిగతా నూట అరవై మూడూ ఏమయ్యాయో దేవుడికి తెలియాలి. అంతలో టీవీకి వైరు తగిలించనే తగిలించారు.

"సార్!" అని అరిచింది మలర్. గది మొత్తం ఆమెవైపు తిరిగింది. "మీరు చూడకూడదు సార్!"

"ఏం?"

ఎందుకో ఆమెకూ తెలియదు. నోరు దానంతట అదే కదిలింది. "మీట నొక్కిన మనిషి మొదట చూడకూడదు సార్. దిష్టి. మా ఊళ్లో కొత్త షెడ్డు తెరిచినప్పుడు మా నాన్న మూడ్రోజులు లోపలికే వెళ్లలేదు. ముందు బయటి మనిషి చూడాలి. అప్పుడే యజమాని."

నాచిముత్తు ముఖంలో భయం, భక్తి ఒకేసారి కనబడ్డాయి. "నిజమే పాపా! మా అమ్మ కూడా ఇలాంటిదేదో చెప్పేది. వైరు పీకెయ్యండ్రా! ఎవరూ చూడొద్దు!"

మలర్ ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి బయటికి రాకముందే ఆయన ఫోను తీశాడు.

"బయటి మనిషే కదా కావాలి? ఈరోడు రత్నసభాపతిని చూడమంటా."

ఈరోడు రత్నసభాపతికి నలభై పంపుల షాపులున్నాయి. పోయిన వేసవిలో తొంభై పెట్టెలు పనిచేయడం లేదని తిప్పి పంపిన మనిషి. 'కరెంటు హెచ్చుతగ్గులు, మా తప్పు కాదు' అని నాచిముత్తు ఆయనకు ఉత్తరం రాశాడు. ఇప్పుడు రెండువేల పెట్టెలు కొనాలా వద్దా అన్నది ఈ వెబ్‌సైటు చూసి తేలుస్తానన్నాడు.

"అన్నా, సైటు పెట్టేశాం. తొలి చూపు మీదే!" నాచిముత్తు ఫోనులో అరుస్తున్నాడు. లేతు చప్పుడులో నలభై ఏళ్లు గడిపిన మనిషి కాబట్టి ఆయన ఫోనెప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది.

"చూస్తా," అంది అవతలి గొంతు. అంతే.

మలర్ పరుగున తన బల్ల దగ్గరికెళ్లి ఆ పేజీని తీసేసింది. తెరమీద 'శరవణవేల్ ఆమోదం కోసం' అని వచ్చి నిలబడిపోయింది. శరవణవేల్ కేసరి తేవడానికి వెళ్లాడు. పది అయింది. పదింబావు అయింది. మలర్ నోటి నుంచి మురుగన్ పేరు తప్ప మరో మాట రావడం లేదు. శరవణవేల్ కేసరితో మెట్లెక్కి వచ్చేసరికి గడియారం పదీ ముప్ఫై ఒకటి చూపించింది.

"శుక్రవారం కదా, స్వీటు షాపులో ఒకటే జనం," అన్నాడు శరవణవేల్ పొట్లం దించుతూ.

"రాహుకాలం!" అని గది మధ్య నిలబడి ప్రకటించాడు నాచిముత్తు. "పన్నెండు దాకా ఎవరూ ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. తంబీ శరవణా, ముఖ్యంగా నువ్వు! దేన్నీ ఆమోదించకు."

మలర్ శరవణవేల్‌ను మూలకు లాగింది. "అన్నా, కొంప మునిగింది. సైట్లో నా సొంత పేజీ ఒక్కటే పడింది. మిగతావి ఏమయ్యాయో తెలీదు."

అతను తన కంప్యూటరులో చూసుకున్నాడు. "నా దగ్గర నూట అరవై నాలుగూ బాగానే కనబడుతున్నాయే."

"బయట లేవన్నా! నా ఫోనులో చూడు!"

అతను ఫోను తీసుకున్నాడు. ఒకటో అంశం చదివాడు. రెండోది, మూడోది చదివాడు. పన్నెండో దగ్గర అతని వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత పదిహేడు దాకా వెళ్లి, ఫోను ఆమె చేతిలో పెట్టి, లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఎక్కడికి?"

"టీకి," అన్నాడు శరవణవేల్.

రాహుకాలం గంటన్నర. మలర్‌కు అది ఆరునెలల ప్రొబేషన్ కంటే పొడుగనిపించింది. ఫోను మోగితే ఉలిక్కిపడింది. మోగకపోతే రత్నసభాపతి చదువుతూ ఉన్నాడేమోనని ఉలిక్కిపడింది. నాచిముత్తు రెండుసార్లు ఆమె వెనక్కొచ్చి నిలబడ్డాడు. రెండుసార్లూ ఆమె ఫోనుమీద కూర్చుంది.

"ఉత్తరం టైపు చేయించి ఉంచా పాపా," అన్నాడాయన రెండోసారి, ప్రేమగా. "రత్నసభాపతి సరేనన్న మరుక్షణం సంతకం."

పన్నెండూ ఒక నిమిషానికి శరవణవేల్ ఆమోదం నొక్కాడు. రెండు నిమిషాల్లో సొంత గోడు మాయమైంది. సైట్లో ఇప్పుడు కంపెనీ పేరు, బొమ్మ తప్ప ఏమీ లేవు. ఖాళీ సైటును చూసి అంత సంతోషించిన మనిషి పీలమేడులో మరొకరుండరు. నూట అరవై మూడు పేజీల సంగతి తర్వాత చూసుకోవచ్చు. గండం గడిచింది.

పన్నెండూ ముప్ఫై అయిదుకు నాచిముత్తు ఫోను మోగింది.

"ఏమయ్యా నాచిముత్తూ, పొద్దున ఉన్న పేజీ ఏది?"

"ఏ పేజీ అన్నా?"

"పెట్టిందే ఒక్క పేజీ, మళ్లీ ఏ పేజీ అంటావేంటి? మా గోబిచెట్టిపాళయం షాపులో మెకానిక్కులంతా చుట్టూ చేరి చదువుతుంటే, సగంలో మాయమైందట. చూపించి దాచేస్తారా?"

"అయ్యో అన్నా, దాచడమేంటి..."

"నేను కార్లో ఉన్నా. పెరుందురై దాటా. అవినాశిలో భోంచేసి మూడు లోపల వస్తా. వచ్చేసరికి ఆ పేజీ ఉండాలి. దాన్ని రాసిన మనిషి కూడా ఉండాలి. ఎక్కడికీ పోనివ్వకు."

ఫోను ఆగిపోయింది.

"ఒక్క పేజీ అంటాడేంటి?" అన్నాడు నాచిముత్తు. "నూట అరవై మూడు రాశావుగా?"

"మిగతావి వస్తూ ఉన్నాయి సార్," అంది మలర్. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"అయితే ఆ పేజీ ఎవరు తీశారు? మళ్లీ పెట్టు."

"సార్, అందులో ఏముందో మీరు చూడకుండా..."

"చూడొద్దని నువ్వేగా అన్నావు! అందులో ఏముంటే నాకేం? రెండువేల పెట్టెల మనిషి అడిగాడు. పెట్టు!"

తన మెడకు తాడు తనే పేనుకోవడమంటే ఏమిటో మలర్‌కు అప్పుడు తెలిసింది. పేజీని మళ్లీ తెచ్చింది. తెచ్చి, పదిహేడో అంశాన్ని మాత్రం చెరిపేసింది. శరవణవేల్ తన తెర మీద దాన్ని చూశాడు.

"పదిహేడు తీసేశావు. పన్నెండు ఉంచావు."

"అయ్యో అన్నా! కంగారులో చూసుకోలేదు. తీసేస్తా, ఇప్పుడే తీసేస్తా!"

"ఉండనీలే," అన్నాడతను ఆమోదం నొక్కుతూ. "నిజమేగా."

రెండూ నలభై అయిదుకు మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. రత్నసభాపతి ఆరడుగుల మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల మీసం. చంకలో ఓ కాగితాల మడత. కుర్చీలో కూర్చుని, కేసరి వద్దన్నాడు. మంచినీళ్లు వద్దన్నాడు. ఫోను తీసి సైటు తెరిచి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అంశమే కిందికి జరుపుతూ పోయాడు. మలర్ గోడకు ఆనుకుని నిలబడింది.

"పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది," అన్నాడు రత్నసభాపతి తలెత్తకుండానే. "పదిహేడు ఏది?"

నాచిముత్తు మలర్ వైపు తిరిగాడు. "పాపా, పదిహేడు ఏది?"

"అది... మంచి నంబరు కాదని తీసేశాను సార్."

"పర్లేదు. నా దగ్గరుంది," అన్నాడు రత్నసభాపతి. చంకలోని కాగితాలు విప్పాడు. పొద్దున పదింటికే ఆయన ఆ పేజీని అచ్చు తీయించుకుని, సైటు చూడమని నలభై షాపులకూ కబురు పంపించాడు. గొంతు సవరించుకుని, కోర్టులో తీర్పులా చదివాడు:

"పదిహేడు. ఎండ తగిలే చోట పెట్టె ఆగిపోతుంది. ఈ సంగతి సార్‌కి తెలియదని ఎవరూ అనుకోవద్దు. అందరికంటే ముందు ఆయనకే తెలిసింది. పొళ్లాచ్చిలో తన సొంత తోటలో పెట్టెను పీకించి కొబ్బరిచెట్టు నీడకు మార్చుకున్నారు. మన చేత మాత్రం 'అన్ని వాతావరణాల్లోనూ పనిచేస్తుంది' అని రాయించారు. నీడలో పెట్టండి అని ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోతుందో తెలీదు."

నాచిముత్తు జేబులోని స్క్రూడ్రైవరును తడుముకున్నాడు.

"ఆ చెట్టు కింద ఎందుకు పెట్టానంటే అన్నా... చూడ్డానికి అందంగా ఉంటుందని..."

"తొంభై పెట్టెలు!" అన్నాడు రత్నసభాపతి. "కరెంటు హెచ్చుతగ్గులని ఉత్తరం రాశావ్. మేం తొంభై మంది రైతులకి క్షమాపణ చెప్పుకున్నాం. ఇదిగో, నువ్వే చూడు, ఈ పేజీలో..." అంటూ ఫోను నాచిముత్తు ముఖం ముందు పెట్టి, తెరను వేలితో కిందికి లాగాడు.

అప్పుడే గోడ గడియారం మూడు కొట్టింది.

ఫోనులో పేజీ ఒక్కసారి తెల్లబడి, మళ్లీ నిండింది. నిండడమంటే మామూలుగా కాదు. బొమ్మ కింద మెనూ పుట్టింది. మెనూ కింద పట్టిక పుట్టింది. పట్టిక పొడవునా పేజీలే పేజీలు. అన్నింటికంటే పైన, లావుపాటి అక్షరాల్లో: 'నీర్‌తోళన్ అన్ని వాతావరణాల్లోనూ పనిచేస్తుంది.' సొంత గోడు ఎక్కడో అట్టడుగున పడిపోయింది.

"నా కళ్ల ముందే పూడ్చేశారా?" రత్నసభాపతి కుర్చీలోంచి లేచాడు.

"నేను కాదండీ!" అని అరిచింది మలర్. ఆరోజు నాచిముత్తు ఎదుట ఆమె చెప్పిన మొదటి నిజం అదే.

శరవణవేల్ నుదురు కొట్టుకున్నాడు. "మూడు! అయ్యో, మూడు గంటలు! సార్, ఆ సర్వరు గడియారం మన దేశానిది కాదు. మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఇంకా రాని తేదీ వేసిన పేజీని అది బయటికి వదలదు. మనం తొమ్మిదిన్నర అని రాశాం. దానికి తొమ్మిదిన్నర ఇప్పుడే అయింది. గంట కొట్టగానే కుట్టి పెట్టింది. నా కంప్యూటరుకి మన టైమే కదా, అందుకే నాకు పొద్దున్నే కనబడ్డాయి."

నాచిముత్తుకు ఆ వివరంలో ఒక్క ముక్కే బుర్రకెక్కింది. "అంటే తంబీ, మన సైటు ఎప్పుడు పుట్టినట్టు?"

"సరిగ్గా మూడింటికి సార్."

ఆయన క్యాలెండరు వైపు నెమ్మదిగా తల తిప్పాడు. శుక్రవారం యమగండం మూడు నుంచి నాలుగున్నర. యముడు గడపలో కాలు పెట్టిన నిమిషంలోనే నూట అరవై ముగ్గురు బిడ్డలూ పుట్టారు. నాచిముత్తు కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

రత్నసభాపతి ఆయన్ను పట్టించుకోకుండా మలర్ వైపు తిరిగాడు. ఆమె గోడలోకి ఇంకా కొంచెం జరగడానికి ప్రయత్నించింది.

"ఇది రాసింది నువ్వేనా?"

"తప్పైపోయిందండీ."

"నువ్వేనా కాదా?"

"నేనేనండీ."

"ఇక్కడేం ఉద్యోగం నీది?"

"ప్రొబేషన్ అండీ. ఇవాళ్టితో ఆఖరు."

"ఖాయం చేశాడా?"

"ఇంకా లేదండీ."

"మంచి పని చేశాడు," అన్నాడు రత్నసభాపతి, మళ్లీ కూర్చుంటూ. "ఇరవై ఏళ్లుగా పంపులమ్ముతున్నా. నూరు కంపెనీల పుస్తకాలు చదివా. సరుకు గురించి నిజం రాసిన కాగితం ఇదొక్కటే చూశా. పాపా, ఈరోడు వచ్చెయ్. మా షాపుల్లో ఉన్న ప్రతి సరుకుకీ ఇలాంటి పేజీ రాసిపెట్టు. ఏ పెట్టె కొనాలో, ఏది కొనకూడదో కూడా ఇకమీదట నువ్వే చెప్పు. రెండువేల పెట్టెలు ఎవరి దగ్గర కొనాలన్నది కూడా నీ ఇష్టం."

ఇది శిక్షా, వరమా అని తేల్చుకోవడానికి మలర్‌కు రెండు నిమిషాలు పట్టేలా ఉంది.

"ఉత్తరం ఇప్పుడే ఇచ్చేవాణ్ణి," అన్నాడు రత్నసభాపతి. "యమగండంలో సంతకం పెట్టను. నాలుగూ ముప్పావుకి మంచి ఘడియ మొదలవుతుంది. అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటా. ఇప్పుడు తెండి ఆ మంచినీళ్లు."

నాచిముత్తు గడియారం చూశాడు. మూడూ పన్నెండు. క్యాలెండరు చూశాడు. రత్నసభాపతిని చూశాడు. మలర్‌ను చూశాడు. ఏ పెట్టె కొనకూడదో చెప్పే పని ఆమె చేతికొస్తే మొదటి వాక్యం దేని గురించి రాస్తుందో ఆయనకు ఊహించనక్కర్లేదు. పొద్దుటి నుంచి ఆమె ముఖంలో ఉన్న చెమటంతా ఒక్క క్షణంలో ఆయన ముఖం మీదికి మారింది.

ఆయన సొరుగు లాగాడు. ఉత్తరం తీశాడు. జేబులో పెన్ను వెతకబోతే స్క్రూడ్రైవరు చేతికొచ్చింది. దాన్ని విసిరేసి శరవణవేల్ జేబులోని పెన్ను లాక్కున్నాడు.

"ఏయ్ నాచిముత్తూ, ఏం చేస్తున్నావ్? యమగండమయ్యా!"

"తెలుసు!"

"యమగండంలో మొదలుపెట్టింది ఏదైనా సరే..."

"తెలుసన్నానా!" నాచిముత్తు కళ్లు గట్టిగా మూసుకుని, "మురుగా, నువ్వే దిక్కు!" అంటూ సంతకం గీకేశాడు. గీత ఎంత వంకర పోయిందంటే ఆ సంతకం ఆయనది అని చెప్పడానికి ఆయన స్వయంగా పక్కన నిలబడాల్సి వచ్చేది. కాగితాన్ని రెండు చేతులా మలర్‌కు అందించాడు. "తీసుకో తల్లీ. నువ్వు ఇక్కడి పిల్లవే. ఈరోడులో ఎండ ఎక్కువ, నీకు పడదు."

మలర్ కాగితం చూసింది. ఈరోడు పెద్దమనిషిని చూసింది. ఆ నలభై షాపులూ, వాటిలో ఆమె చెప్పే మాట కోసం తలలు తిప్పి చూసే వందమంది మెకానిక్కులూ కళ్ల ముందు మెదిలారు. ఆమె గబుక్కున కాగితం అందుకుంది.

"ఇక్కడే ఉంటానండీ," అంది రత్నసభాపతితో.

ఆయన మీసం సవరించుకున్నాడు. "సరే. ఈ పాప ఎక్కడుంటే నా ఆర్డరు అక్కడ. కానీ నాచిముత్తూ, ఒక షరతు. ఆ నూట అరవై మూడూ తీసెయ్. ఈ ఒక్కటీ ఉంచు. పదిహేడుతో సహా."

ఆరునెలల కష్టం శరవణవేల్ ఒక్క నొక్కుతో ఖాళీ అయిపోయింది. ఆ పేజీలు పోతున్నప్పుడు మలర్ తనకు ఏడుపొస్తుందేమో అనుకుంది కానీ రాలేదు. బయట మెట్ల మీద నిలబడి పల్లడం ఫోను చేసింది. నాన్న, "సరేలేమ్మా, ఫారం చూసుకోవడానికి కొడిముడి నుంచి ఒక మనిషి వస్తానన్నాడు," అన్నాడు. ఆయన వెనకనుంచి కోళ్ల అరుపులు వినబడ్డాయి. ఆమె త్వరగా ఫోను పెట్టేసింది.

సోమవారం పొద్దున నాచిముత్తు ఆమె బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మనిషి రెండు రోజుల్లో నాలుగు కిలోలు తగ్గినట్టున్నాడు. కానీ యమగండంలో పెట్టిన సంతకానికి ఇంతవరకు ఇల్లు కూలకపోవడంతో కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు.

"చూడు పాపా. ఇకమీదట సైటంతా ఆ పేజీలాగే ఉండాలి. మొత్తం నూట అరవై మూడూ కొత్తగా రాయి. నీ మనసులో ఏముంటే అది రాసెయ్. ఎవరికీ భయపడొద్దు. సరేనా?"

"సరే సార్."

"రాసిన ప్రతి పేజీ ముందు నేను చదువుతా. తర్వాత రత్నసభాపతి చదువుతాడు. ఆ తర్వాత నలభై షాపులవాళ్లు కూర్చుని చదువుతారు. నువ్వు మాత్రం ఎవరూ చదవరు అనుకునే రాయాలి. అదే దాని అందం!"

మలర్ తలూపింది. కొత్త ఫైలు తెరిచింది. వేళ్లు మీటల మీద పెట్టింది.

ఇవాళ్టికి పద్దెనిమిది రోజులైంది. మొదటి పేజీ శీర్షిక దాదాపు తయారైంది.